అర్ధరాత్రి మ్యాచ్‌కు ముందు ఫుట్‌బాల్ ప్రశ్నల ఆట: మిద్దె మీద ఎలా నడపాలి

యూరప్‌లో రాత్రి తొమ్మిదికి మొదలయ్యే చాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు వేసవి నెలల్లో పన్నెండున్నరకు, చలికాలంలో ఒంటిగంటన్నరకు పడుతుంది. తొమ్మిదింటికి చేపల పులుసుతో అన్నం తిన్న మనిషి అప్పటిదాకా కళ్ళు తెరుచుకుని కూర్చోవడం మాటలు కాదు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా మిద్దె మీద ప్రశ్నల ఆట పుట్టింది ఈ నిద్ర బాధలోంచే. 'ఇది చెప్పు చూద్దాం' అని ఒకరినొకరు గిల్లుకోవడంతో మొదలైంది. ఇప్పుడు మ్యాచ్ చూడకుండా ప్రశ్నలు అయిపోగానే ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు కూడా మాలో ఉన్నారు. మీరు కావలిలోనో, గూడూరులోనో, ఒంగోలులోనో ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే, మేము పడిన తిప్పలు మళ్ళీ మీరు పడనక్కరలేదు.

ముందు మనుషులను చూసుకోండి

నలుగురికి తగ్గితే ఆట పేలవంగా ఉంటుంది. ఎనిమిది మంది దాటితే గోల. అందరూ ఒకే క్లబ్బు అభిమానులు కాకుండా చూసుకోండి, లేకపోతే అన్ని ప్రశ్నలూ ఒకే బావిలోంచి వస్తాయి. మన జిల్లాల్లో పదిమందిని పోగేస్తే తొమ్మిదిమంది క్రికెట్ వాళ్ళే ఉంటారు కాబట్టి, ఫుట్‌బాల్ ఏమీ తెలియని క్రికెట్ మనిషిని ఒకరిని కావాలనే పిలవండి. ఆయన వల్ల ఏమి లాభమో కాసేపట్లో చెబుతాను. వీలైతే ఒక పెద్దాయన కూడా ఉండాలి. మాకు రిటైరైన పీఈటీ మాస్టారు ఒకరు దొరికారు. మధ్యవర్తి కుర్చీ ఆయనది. రెఫరీ అని పిలిస్తే ఒప్పుకోరు, "తీర్పు చెప్పేవాడిని, ఈల ఊదేవాడిని కాదు" అంటారు.

ప్రశ్న కట్టడం

అసలు పని ఇక్కడే ఉంది. ఎవరికీ తెలియనిది అడిగితే గొప్ప ప్రశ్న అని కొత్తవాళ్ళు అనుకుంటారు. మా మొదటి నెల అంతా అలాగే గడిచింది. 1930 ఫైనల్‌లో మూడో గోల్ ఏ నిమిషంలో పడింది, ఫలానా గోలీ బూట్ల సైజు ఎంత, ఇవీ ప్రశ్నలు. అడిగినవాడు మీసం దువ్వుకుంటాడు, మిగిలినవాళ్ళు ఆవలిస్తారు. తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు.

పొడుపు కథ గుర్తు తెచ్చుకోండి. పొడిచేవాడు ముడి వేస్తాడు, విప్పడానికి ఒక కొస బయట వదులుతాడు. ఫుట్‌బాల్ ప్రశ్నకూ ఆ కొస ఉండాలి. ఒక ఉదాహరణ విప్పి చూపిస్తాను.

'రెండు ప్రపంచ కప్ ఫైనల్స్‌లో రెండు వేర్వేరు దేశాల తరఫున ఆడిన మనిషి ఎవరు?'

జవాబు లూయిస్ మోంటి. ఈ పేరు ఎప్పుడూ విననివాడు కూడా దీన్ని సగం దాకా విప్పగలడు. ఎలాగంటే, ఇప్పటి నిబంధనల్లో ఇది దాదాపు జరగని పని, కనుక పాత కాలం అయి ఉండాలి. పాత కాలమంటే మొదటి రెండు కప్పులు. 1930లో ఫైనల్ ఆడినవి ఉరుగ్వే, అర్జెంటీనా. 1934లో ఇటలీ, చెకోస్లోవాకియా. ఈ నాలుగు దేశాల్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి జనం వలస పోయింది ఎక్కడ? ఇటలీ నుంచి అర్జెంటీనాకు. ఆ వలస కుటుంబాల పిల్లలను ఇటలీ మళ్ళీ పిలిపించుకుంది. అంటే మన మనిషి 1930లో అర్జెంటీనా తరఫున ఓడి, 1934లో ఇటలీ తరఫున గెలిచి ఉండాలి. మా ఆటలో ఇంతవరకు వస్తే పేరు చెప్పకపోయినా సగం మార్కులు ఇస్తాము. ఒకసారి రొయ్యల మేత వ్యాపారం చేసే మా మిత్రుడు అచ్చంగా ఈ దారిలోనే నడిచి వచ్చాడు. చివర పేరు అందక తల పట్టుకున్నాడు. పేరు చెప్పగానే అతని నోటినుంచి వచ్చిన 'అబ్బా!' విన్నారా, ఆ అరుపు రాని ప్రశ్నను పుస్తకంలోంచి కొట్టేయండి.

ఇప్పుడు క్రికెట్ మనిషి సంగతి. ఫుట్‌బాల్ ప్రశ్నలకు క్రికెట్ వైపు నుంచి కూడా తలుపులు ఉన్నాయి. 'ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు, ఎసెక్స్ తరఫున, 1962లో, లాంకషైర్ మీద. ఒక ఇన్నింగ్స్‌లో సున్నా నాటౌట్, రెండో ఇన్నింగ్స్‌లో సున్నా. నాలుగేళ్ళ తరువాత ఇంకో ఆటలో దేశమంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. ఎవరు?' నాలుగేళ్ళు కూడితే 1966, దేశం ఇంగ్లండ్. ఆ ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌లో మూడు గోల్స్ కొట్టిన జెఫ్ హర్స్ట్. క్రికెట్, ఫుట్‌బాల్ రెండింటి ప్రపంచ కప్‌లలోనూ ఆడిన ఎలిస్ పెర్రీ ఇంకో తలుపు. ఆస్ట్రేలియా క్రికెటర్‌గా ఆమె మనవాళ్ళకు బాగా తెలుసు, 2011 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో స్వీడన్ మీద గోల్ కొట్టిందని తెలియదు. 'పెలే మన దేశంలో మ్యాచ్ ఆడిన క్రికెట్ మైదానం ఏది?' అన్నది తేలిక. 1977లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో, న్యూయార్క్ కాస్మోస్ తరఫున, మోహన్ బగాన్ మీద. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. ఇలాంటి నాలుగు ప్రశ్నలు చేతిలో ఉంటే మీ క్రికెట్ మనిషి మరుసటి వారం తనంతట తానే వస్తాడు.

ఇంగ్లిష్ లీగులను తవ్వి తవ్వి అలసిపోయినవాళ్ళు ఒకసారి మన ఇంటి పెరడు తవ్వి చూడండి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సునీల్ ఛెత్రి పుట్టిన ఊరు ఏదని అడిగితే నేపాల్ దగ్గర నుంచి బెంగళూరు దాకా తిరుగుతారు కానీ సికింద్రాబాద్ అని చెప్పేవాళ్ళు తక్కువ. ఇక గొలుసు ప్రశ్న ఒకటి: '1952 ఒలింపిక్స్‌లో భారత్‌ను 10-1తో చిత్తుచేసిన దేశమే, నాలుగేళ్ళ తరువాత సెమీఫైనల్‌లో ముందు మన చేతిలో గోల్ తిని తరువాత 4-1తో గెలిచింది. ఏ దేశం? మన గోల్ కొట్టింది ఎవరు?' దేశం యుగోస్లావియా. గోల్ నెవిల్ డిసౌజాది. అంతకు ముందు మ్యాచ్‌లో ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్, కొట్టింది కూడా అతనే.

ప్రశ్నను దులిపి చూడండి

కట్టిన ప్రశ్నను అడిగే ముందు నాలుగుసార్లు దులపాలి. బియ్యం చెరిగినట్టే, రాళ్ళు బయటపడతాయి.

మొదటి రాయి, రెండు జవాబులు. 'ఐదు వేర్వేరు దేశాల జట్లను ప్రపంచ కప్‌లో నడిపించిన కోచ్ ఎవరు?' అని మావాడొకడు గర్వంగా అడిగాడు. అతని మనసులో ఉన్నది బోరా మిలుటినోవిచ్: మెక్సికో, కోస్టారికా, అమెరికా, నైజీరియా, చైనా. అవతలివాడు కార్లోస్ ఆల్బెర్టో పరేరా అన్నాడు: కువైట్, యూఏఈ, బ్రెజిల్, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా. రెండూ నిజమే. ఆ రాత్రి మొదటి సగం మ్యాచ్ ఎవరూ చూడలేదు. 'వరుసగా ఐదు ప్రపంచ కప్‌లలో ఐదు దేశాలను' అని ఒక్క మాట చేర్చి ఉంటే మిలుటినోవిచ్ ఒక్కడే మిగిలేవాడు.

రెండోది, గడువు తీరిన జవాబు. ప్రపంచ కప్ ఫైనల్‌లో హ్యాట్రిక్ కొట్టిన ఏకైక ఆటగాడు హర్స్ట్ అని 2022 దాకా చెప్పుకున్నాము. ఆ డిసెంబరులో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే వచ్చి చేరాడు. పాత ప్రశ్నల పుస్తకంలోంచి ఎత్తి రాసుకునేవాళ్ళు ఇక్కడే బోర్లా పడతారు. ప్రతి రికార్డు ప్రశ్న పక్కన 'ఫలానా ఏడాది వరకు' అని రాసుకోండి.

మూడోది, ఆడవాళ్ళను మరిచిపోవడం. 2022 వరకు చూస్తే ప్రపంచ కప్‌లలో అందరికంటే ఎక్కువ గోల్స్ ఎవరివి? జర్మనీ ఆటగాడు క్లోజా అని చేయి ఎత్తుతారు. క్లోజావి 16. బ్రెజిల్ మార్తావి 17. అంతెందుకు, ఫైనల్ హ్యాట్రిక్ కూడా ఎంబాపే కంటే ముందు, 2015లో, అమెరికాకు చెందిన కార్లీ లాయిడ్ కొట్టింది. 'పురుషుల' అన్న మాట పెట్టకుండా అడిగితే తప్పు అడిగినవాడిదే.

నాలుగోది, లెక్క తేలని అంకెలు. పెలే మొత్తం గోల్స్ 1,281 అని ఒకరు, 1,283 అని మరొకరు. 1950లో మరకానా మైదానంలో ఉరుగ్వే, బ్రెజిల్ మ్యాచ్‌కు టికెట్ కొని వచ్చినవాళ్ళు 1,73,850 మంది, లోపలికి వచ్చినవాళ్ళు దాదాపు రెండు లక్షలు అంటారు. ఇలాంటివి అడగకండి. తగాదా వస్తుంది, తీర్చడానికి ఆధారం ఉండదు.

నేను తిన్న దెబ్బ

ఇంత చెప్పే నేనే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. '1950 ప్రపంచ కప్‌కు భారత్ ఎందుకు వెళ్ళలేదు?' అని అడిగి, బూట్లు లేకుండా ఆడనివ్వం అన్నందుకు అని జవాబు కూడా నేనే చెప్పేశాను. చిన్నప్పటి నుంచి విన్నది అదే. కుర్చీలో జారగిలపడి ఉన్న మాస్టారు మెల్లగా లేచి కూర్చున్నారు.

"ఎవరు చెప్పారు నాయనా?"

"అందరూ చెబుతారు కదండీ మాస్టారూ."

"అందరూ అనేది పుస్తకం పేరా, మనిషి పేరా?"

ఆ తరువాత పావుగంట పాఠం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకుని. అంతవరకు నిజం. 1950 ప్రపంచ కప్‌కు మనకు చోటు దొరికింది ఆడి గెలిచి కాదు, మన గ్రూపులోని మిగతా దేశాలు తప్పుకోవడం వల్ల. ఇక వెళ్ళకపోవడానికి కారణాలు వేరు. బ్రెజిల్ దాకా సుదీర్ఘమైన ఓడ ప్రయాణం, ఖర్చు, సాధనకు చాలని సమయం, వాటన్నిటికీ మించి అప్పటి మన ఫుట్‌బాల్ పెద్దలకు ఒలింపిక్స్ మీద ఉన్న గురి ప్రపంచ కప్ మీద లేకపోవడం. బూట్ల కథను ఆనాటి మేటి డిఫెండర్ శైలేన్ మన్నాయే తరువాతి రోజుల్లో కొట్టిపారేశాడు.

నాకు ఆ రాత్రి మార్కులు కోసేశారు. పైగా అందరికీ మలైకాజా నా ఖర్చు. అప్పటి నుంచి రెండు చోట్ల సరిచూడని ప్రశ్న నా నోట్‌బుక్కులో ఎక్కదు, ఎక్కినా పక్కన ఎక్కడ చూశానో రాసి ఉంటుంది. బాగా ప్రచారంలో ఉన్న కథ అయితే ఇంకోసారి కూడా చూస్తాను. కథ ఎంత అందంగా ఉంటే అంత అనుమానం.

ఆట నడిపే పద్ధతి

మామూలు క్విజ్‌లాగా వరుసగా అడుగుతూ పోవచ్చు. మేము ఏడాది పాటు అలాగే చేసి విసిగిపోయాము. తరువాత అష్టావధానం పద్ధతి ఎత్తుకున్నాము. తిక్కన తిరిగిన ఊళ్ళో ఇంత సాహసం చేయవచ్చా అని మాస్టారు మొదట మొహం చిట్లించారు కానీ, ఇప్పుడు అందులో అందరికంటే హుషారు ఆయనకే.

ఒకరు అవధాని, మిగిలినవాళ్ళు పృచ్ఛకులు. ఒక్కొక్కరికీ ఒక్కో అంశం. మీరు ఎనిమిదీ పెట్టుకోనక్కరలేదు, ఐదు చాలు.

సమస్య: వినగానే అసంభవం అనిపించే మాట ఇవ్వాలి, అవధాని దాన్ని సంభవం చేసి చూపాలి. 'ఒకే మ్యాచ్‌లో ఒకే ఆటగాడికి మూడు పసుపు కార్డులు.' రెండు పసుపులకే ఎర్ర కార్డు వచ్చి మైదానం వదలాలి కదా? 2006లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌లో రెఫరీ గ్రాహం పోల్ క్రొయేషియా ఆటగాడు షిమూనిచ్‌కు చూపిన రెండో కార్డును పొరపాటున ఆస్ట్రేలియా మూడో నంబరు ఖాతాలో రాసుకున్నాడు. షిమూనిచ్ పుట్టింది ఆస్ట్రేలియాలోనే, మాట్లాడే యాస కూడా అక్కడిదే. మూడోది చూపాక గానీ అతన్ని బయటికి పంపలేదు. ఇంకో సమస్య: 'ఫైనల్ లేని ప్రపంచ కప్.' 1950లో చివరి నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాయి, పాయింట్లే కప్పును తేల్చాయి. ఉరుగ్వే, బ్రెజిల్ మ్యాచ్ ఆఖరిది కావడం వల్ల అది ఫైనల్ లాగా కనిపిస్తుంది. 'ఇంగ్లండ్ గెలవక ముందే కప్పును పట్టుకున్నది నాలుగు కాళ్ళ జీవి' అన్నది పిల్లలకు ఇష్టం. 1966 మార్చిలో దొంగిలించిన ట్రోఫీ లండన్‌లో కాగితాల్లో చుట్టి పడేసి ఉంటే, పికిల్స్ అనే కుక్క వాసన పట్టింది.

దత్తపది: నాలుగైదు పేర్లు ఇచ్చి కలిపే దారం అడగాలి. సాలే, అహ్మద్ ఖాన్, అప్పారావు, వెంకటేశ్, ధన్‌రాజ్. మా క్రికెట్ మనిషి ఇది మా వీధి రేషన్ కార్డుల జాబితా అన్నాడు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పాతకాలపు ముందువరుస ఐదుగురు వీళ్ళు, కోల్‌కతా జనం పంచ పాండవులని పిలుచుకున్నారు.

వర్ణన: ఒక గోల్‌ను పేర్లు లేకుండా వర్ణించాలి. 'పరుగెత్తుకుంటూ వచ్చాడు, గోలీ పక్కకు దూకేశాడు, బంతి మాత్రం తొందరేమీ లేనట్టు నడిమధ్యలోకి తేలుతూ పోయింది.' 1976 యూరో ఫైనల్‌లో చెకోస్లోవాకియా ఆటగాడు పనెంకా కొట్టిన పెనాల్టీ అది.

నిషిద్ధాక్షరి: చెప్పకూడని మాటలు ముందే చెప్పేయడం. గోల్, బంతి, గీత అనే మూడు మాటలు వాడకుండా ఆఫ్‌సైడ్ వివరించమనండి. చెప్పేవాడి చేతులు గాలిలో ఈదుతాయి.

అప్రస్తుత ప్రసంగం: ఈ పాత్రకు మీలో అందరికంటే చిలిపి మనిషిని ఎంచుకోండి. అవధాని మోంటి కోసం అర్జెంటీనాలో వెతుకుతున్న క్షణంలోనే 'అన్నా, రొయ్యలు వంద కౌంట్ రేటు ఇవాళ ఎంత పలికింది?' అని అడగాలి. అవధాని దానికి సమాధానం చెప్పి తీరాలి, దారి తప్పకూడదు.

చివర ధారణ. అప్పటిదాకా ఇచ్చిన జవాబులన్నీ వరుసగా తిరిగి చెప్పాలి. ఇంకాస్త ఏడిపించాలనుకుంటే, ఆట మధ్యలో ఒకరు స్టీలు గ్లాసు మీద చెంచాతో అప్పుడప్పుడూ కొడుతూ ఉండండి, ఎన్నిసార్లు మోగిందో కూడా అవధానే చెప్పాలి. రెండు నెలల్లో ఒక్కరే సరిగ్గా చెప్పగలిగారు, అదీ మా వదిన, మిద్దె మెట్ల మీద కూర్చుని ఊరికే వింటూ.

ఫోన్లు, మార్కులు, కార్డులు

ఫోన్లన్నీ ఒక డబరా గిన్నెలో వేసి మూత పెట్టండి. మధ్యవర్తి ఫోను మాత్రం బయట ఉంటుంది, తీర్పు చెప్పడానికి. 'బాత్రూముకు వెళ్ళొస్తా' అని లేచినవాడి జేబు తడమడం మర్యాద కాదు కాబట్టి, అలాంటివాడి ప్రశ్నను అతను తిరిగి వచ్చాక మార్చేయడం మా పద్ధతి.

మార్కులు ఎలా వేసుకున్నా పర్వాలేదు. మావి నేరుగా చెబితే పది, సూచన తీసుకుంటే ఐదు, దారి సరైనదైతే పేరు రాకపోయినా ఐదు. ఒక్క నిబంధన మాత్రం గట్టిగా పాటించండి: ఎవరూ ఏ దారిలోనూ నాలుగడుగులు కూడా వేయలేకపోతే, అడిగినవాడికే ఐదు మార్కులు కోత. బూట్ల సైజు ప్రశ్నలు ఆ రోజు నుంచి ఆగిపోయాయి.

వాదన ముదిరితే మాస్టారు పసుపు కార్డు తీస్తారు. ఎవరిదో పెళ్ళి శుభలేఖ అట్టను కత్తిరించి చేసుకున్నది, ఒక మూలన సగం గణపతి ఇంకా కనిపిస్తూ ఉంటాడు. కార్డుల మీద కూడా ఒక మంచి ప్రశ్న ఉంది. ట్రాఫిక్ దీపాలను చూసి ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్ ఈ ఆలోచన చేశాడు. 1970 ప్రపంచ కప్‌లో మొదటిసారి వాడారు, కానీ ఆ టోర్నీలో ఎర్ర కార్డు జేబు దాటి బయటికి రాలేదు. మొదటిది 1974లో చిలీకి చెందిన కాస్జెలీకి పడింది.

ఆపవలసిన వేళ

మ్యాచ్‌కు పది నిమిషాల ముందు ఆపేయండి, మార్కులు ఎంత దగ్గరగా ఉన్నా సరే. విరామం పదిహేను నిమిషాల్లో రెండు ప్రశ్నలకు మించి పెట్టకండి, టీ కూడా తాగాలి కదా. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఒక ప్రశ్న జవాబు చెప్పకుండా వదలండి. దాన్ని మేము ఇంటి ప్రశ్న అంటాము. మరుసటి ఉదయం టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని దాని గురించే గొణుక్కుంటూ కనిపిస్తారు. పోయిన వారం మాస్టారు వదిలింది ఇది:

2010 పురుషుల ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని జట్టు ఒకే ఒకటి. కప్పు గెలిచిన స్పెయిన్ కాదు, వాళ్ళు మొదటి మ్యాచే స్విట్జర్లాండ్ చేతిలో ఓడారు. ఓడని ఆ జట్టు మొదటి దశ దాటకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. ఏ దేశం?